గుండు నెత్తిన ఎత్వం

ఇట్లా నా మోకాలి దగ్గరికి జరుగు, సుంకమ్మా. చెవి ఇటు పెట్టు. ఈరన్న కూతురివి, నీకు చెప్పక ఎవరికి చెప్పేది.

పొద్దున్నే మీ చిన్నాయన ఓబులేసు మా గడప మీద నిలబడి, ఏడో ఇంటి మద్దిలేటి మీదికి తుపాకి పేలుస్తాడు. గుండు బయటికి వస్తుంది గానీ తొందరపడదు. నిండు చూలాలి నడకతో, మనిషి ఎత్తున, వీధి వెంబడి పోతా ఉంది.

పోయిన ఏడు మద్దిలేటి గుండుకే మీ నాయన పోయినాడు. ఇది తగిలితే మద్దిలేటి పోతాడు, వాని వాళ్లు ఓబులేసు కోసం వస్తారు. నాకు మిగిలిన కొడుకు వీడొక్కడే.

గుండును దాటుకుని ముందుగా మద్దిలేటి అరుగు దగ్గరికి పోతాను. గడ్డం గీసుకుంటా ఉన్నాడు.

“పక్కకు జరుగు నాయనా.”

“అది నా పేరు అడిగి బయల్దేరింది పెద్దమ్మా. నేను జరిగితే నా పేరూ నాతోనే జరుగుతుంది.”

అదీ నిజమే.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో, రోలు పక్కన, సర్కారు ఆఫీసు మొలిచి ఉంది. పోలీసు బల్ల, ఆసుపత్రి బల్ల, తాలూకా బల్ల. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కాగితం పోయినప్పుడల్లా వంటిల్లు బారెడు పొడుగవుతుంది. మా పొయ్యి ఇప్పటికే పొలిమేరలో ఉంది. మధ్యన కూర్చున్న ఆఫీసరమ్మ వజ్రకుమారి, మూడు బల్లలకూ పొత్తు కుదర్చడమే తన ఉద్యోగం అంటుంది.

“గుండు మూడో ఇల్లు దాటింది తల్లీ. ఆపండి.”

“మా చేతిలో లేదవ్వా. బోర్డు చూడు.”

నేను బడికి పోయింది గుణింతాల దాకే. కూడబలుక్కుంటాను: తుపాకి గుండె ఆపు కార్యాలయం.

“రాసినాయన గుండుకు గుండె అని రాశాడు. మాకు అధికారం గుండెలు ఆపడానికే.”

ఊరికే కూర్చోకూడదని పోలీసు బల్లాయన కలం ఆనించి మా పిల్లి గుండె ఆపుతాడు. పిల్లి ఆగిన గుండెతోనే పాలు తాగి మూతి నాక్కుంటుంది. తర్వాతి కాగితం మీద ఓబులేసు పేరుంది. వాడు అప్పుడే చొక్కా గుండీలు విప్పుకుంటా ఉన్నాడు.

“ఎందుకురా?”

“వరస వచ్చిందిమా.”

బోర్డు దిద్దమంటాను. ఆఫీసరమ్మ తల ఊపుతుంది. “దిద్దుకో. కానీ సర్కారు అక్షరం నేల మీద పడకూడదు. తీసిన ఎత్వం ఇంకోచోట నిలవాలి. దాని చోట పెట్టే కొమ్ము నువ్వే తేవాలి.”

పీట ఎక్కి, డ నెత్తిమీది ఎత్వాన్ని గోటితో ఒలుస్తాను. రంగు పచ్చిగానే ఉంది. వీధిలోకి ఉరుకుతాను. గుండు మద్దిలేటి రొమ్ముకు జానెడు దూరంలో ఉంది. దాని వెనక తోకలాగా వేలాడే కొమ్మును తుంచి, నెత్తిన ఎత్వం పెడతాను.

గుండు ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది, కొట్టుకుంటుంది. మద్దిలేటి దోసిలి పడతాడు.

నేను మళ్లీ ఉరికి కొమ్మును బోర్డుకు అతికిస్తాను. ఓబులేసు రొమ్ము దాకా వచ్చిన కలాన్ని పోలీసు బల్లాయన వెనక్కి తీసుకుంటాడు. “గుండెలు ఇంక మా పని కాదు,” అంటాడు, కొంచెం చిన్నబోయి.

సగం గీసిన గడ్డంతో మద్దిలేటి ఆ గుండెను తెచ్చి ఓబులేసుకు చూపిస్తాడు. అది రెండుసార్లు కొట్టుకుని ఒకసారి ఆగుతుంది. చిన్నప్పుడు జ్వరం నుంచి లేచినప్పటి నుంచీ మీ నాయనది అట్లనే.

ఇద్దరూ చెరో చెయ్యి వేసి దాన్ని పొయ్యి దగ్గరికి మోస్తా ఉన్నారు. వంటిల్లు పొడుగు. గుండె బరువెక్కుతా ఉంది, దానికి పాదాలు వస్తా ఉన్నాయి. వాళ్ల చేతుల మధ్య నుంచి నావైపు తిరిగి అడుగుతుంది: “అమ్మా, సంగటి అయిందా?”

గుర్తు పెట్టుకో సుంకమ్మా, నీ పిల్లలకు చెప్పు. రాసి పెడితే మాత్రం, ఎత్వం ఎక్కడ పెడతా ఉన్నావో చూసుకుని పెట్టు.