ఖాళీ ఇళ్ల కబురు

కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకు ముక్కు తగిలేంతగా వంగి, జల్లెడ ఆ పూట వచ్చిన పుకార్లు చదువుతున్నాడు. ఆన్‌లైన్ ఆటలో చేసే మార్పులను అతను పనిచేసే కంపెనీ ప్యాచ్ నోట్స్ పేరుతో ప్రకటిస్తుంది. అవి బయటికి రాకముందే ఎవరో ఒకరు ‘లీకైంది చూడండి’ అంటూ ఫొటోలు పెడుతుంటారు. వాటిలో ఏది అసలుదో, ఏది పనిలేనివాడు కూర్చుని వండిందో తేల్చడం అతని ఉద్యోగం. అందుకే ఆఫీసులో అతనికి జల్లెడ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇదివరకు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అది మూతపడ్డాక ఇక్కడ తేలాడు. ఆట మాత్రం ఒక్కసారీ ఆడలేదు. వాక్యం చూస్తే రాసిన చెయ్యి తెలుస్తుందంటాడు. “కూరలో ఉప్పు సరిపోయిందా అంటే కూడా అరగంట ఆలోచిస్తారు,” అని భార్య దెప్పుతుంది.

ముందు చూసినవన్నీ అబద్ధాలే. ఒకదానిలోనైతే గుర్రాలకు రెక్కలు మొలిచాయి. తర్వాతిదాని దగ్గర అతని వేలు ఆగిపోయింది.

‘చాలాకాలంగా దీపం వెలగని ఇళ్లను తొలగిస్తున్నాం.’

ఆటగాళ్లు ఆ ఆటలో ఇళ్లు కట్టుకుంటారు. ఆడడం మానేసినవాళ్ల ఇళ్లను చడీచప్పుడూ లేకుండా తీసేసి, ఆ తర్వాత చెబుదామని పైవాళ్ల ఉద్దేశం. సిద్ధంగా ఉన్న ప్రకటనలో మాట ‘నిరుపయోగ నివాసాలు’. దీపం మాట ఉన్నది మొదటి చిత్తుప్రతిలోనే. ప్రకటనలు రాసే అమ్మాయి, అందరూ రాతలమ్మ అనే పిల్ల, దాన్ని అతనొక్కడికే చూపించింది. “ఇంత కవిత్వం వద్దమ్మా,” అని కొట్టేయించింది అతనే.

లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు.

“చూశావా బాబాయ్?”

“ఎందుకు చేశావమ్మా ఈ పని?”

“అందులో మా అన్నయ్య ఇల్లుంది. వాడు పోయాక రోజూ నేను ఆటలోకెళ్లి ఆ గుమ్మంలో కూర్చుంటా. అమ్మ నా వెనక నిలబడి చూస్తుంది. గోడలకి వాడేసిన రంగులు చూసి నవ్వుతుంది కూడా. నాకు ముందే తెలిసింది కాబట్టి ఫొటోలు తీసుకున్నా. తెలియనివాళ్ల గతేంటి?”

అతను గొంతు తగ్గించాడు. “మనది కాదని చెప్తాలే. నీ జోలికెవరూ రారు.”

“నువ్వలా అంటే అబద్ధమని కంపెనీ చాటింపేస్తుంది. జనం నమ్మి ఊరుకుంటారు. అప్పుడు నేను చేసింది బూడిదలో పోసిన పన్నీరేగా?”

“మరి నీ ఉద్యోగం?”

“ఉన్నదున్నట్టు చెప్పు బాబాయ్.”

అంతలో మేనేజరు వచ్చాడు. “ఏం తేలింది?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు అతను తడుముకున్నది లేదు. ఇప్పుడు మాత్రం నుదుటి మీది కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. రాతలమ్మ వేళ్లు మీటల మీద కదలకుండా ఉన్నాయి.

“మనదే,” అన్నాడు.

“ఎవరి పని?”

“ఆ ప్రతి చూసింది ఇద్దరమే. నేనూ, ఈ అమ్మాయీ. అంతకుమించి నన్నడక్కండి.”

“ఆయన్నెందుకు లాగుతారు? పంపింది నేనే,” అంటూ రాతలమ్మ లేచింది. మేనేజరు వెంట లోపలి గదిలోకి వెళ్లింది.

మధ్యాహ్నానికి కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. తొలగింపు నెలాఖరుకు వాయిదా పడింది. జల్లెడ మొదటిసారి ఆట తెరిచాడు. నడవడం చేతగాక గోడలకు గుద్దుకుంటూ ఒక వీధి చేరాడు. నిన్నటిదాకా నిర్మానుష్యంగా ఉన్న వీధట అది. ఇప్పుడు గుమ్మం గుమ్మానా మనుషులు. ఎవరూ ఆడడం లేదు. ఊరికే నిలబడి ఉన్నారు. ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు.

తల ఎత్తేసరికి రాతలమ్మ కుర్చీ బల్లకిందికి తోసి ఉంది. చెప్పి వెళ్లలేదు. చెప్పడానికి వచ్చి, తెరలో మునిగిపోయిన అతని వాలకం చూసి వెనక్కి మళ్లిందని పక్కబల్ల అతను అన్నాడు. మంచి చేశానో, ఆ పిల్ల నోటి దగ్గర కూడు తీశానో జల్లెడకు తేలలేదు.

ఆమె బల్ల మీద మూతపెట్టిన కప్పొకటి ఉంది. మూత తీసి చూశాడు. ఒక్క గుక్కయినా తాగని టీ మీద తరక కట్టి ఉంది.