వెడల్పు పట్టీ

జంతువుల ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల దగ్గర మొదటి పని చెల్లెలిది. మత్తులో ఉన్న పిల్లి ముంగాలి మీద బొచ్చు గొరిగి, జెల్లు రాసి, గాలి పట్టీ చుట్టి, దాని కింద చిన్న బిళ్ళ ఆనిస్తుంది. నెత్తురు పారే చప్పుడు సుయ్ సుయ్‌మని గదంతా వినబడుతుంది. పట్టీలోకి గాలి కొడితే ఆ చప్పుడు ఆగిపోతుంది. మెల్లగా గాలి వదులుతుంటే ఏ అంకె దగ్గర మళ్ళీ మొదలవుతుందో అదే పిల్లి బీపీ.

అది తొంభై కిందికి దిగితే పని అక్కది. అక్కకి బీపీ ఎప్పుడూ ఎక్కువే. పిల్లి అరికాలి మెత్తల మీద బొటనవేలు ఆనించి తన దాంట్లోంచి కొంత ఇస్తుంది. అక్కడ పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది.

"మాత్రలు మింగేవాళ్ళని చూస్తే జాలేస్తుందే. పిల్లులుండగా వాళ్ళకేం ఖర్మ!" అనేది అక్క.

ఆ రోజు పళ్ళు పీకించుకోడానికి ఒక ముసలి బూడిదరంగు పిల్లి వచ్చింది. పిల్లులకి కట్టే సన్న పట్టీ చెల్లెలు ఉతికి ఆరేసింది, ఇంకా తడారలేదు. కుక్కలకి కట్టే వెడల్పు పట్టీ చుట్టేసింది. వెడల్పైతే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందని తెలుసు. ఆ కాస్త తేడాకి కొంపలేం అంటుకోవులే అనుకుంది.

"అరవై," అంది.

"ఊఁ, కానివ్వు," అంది డాక్టరమ్మ అక్కతో, పిల్లి నోటి మీంచి తలెత్తకుండా.

అక్క బొటనవేలు ఆనించింది. డెబ్బై. ఇంకాస్త ఇచ్చింది. డెబ్బై ఐదు.

"ఏం పిల్లే తల్లీ, ఇసుకలో నీళ్ళు పోసినట్టుంది," అని నవ్వింది. నవ్వులో సత్తువ లేదు.

సుయ్ సుయ్‌మని గోడలదిరిపోతున్నాయి. నిజంగా బీపీ పడిపోయిన పిల్లికి అంత చప్పుడుండదు. చెల్లెలికి తెలిసిపోయింది. చెప్పాలి. కానీ నిన్ననే డాక్టరమ్మ, "ఇంకొక్క పొరపాటు జరిగిందా, ఇద్దరూ ఇంటికే," అని మొహం మీదే అనేసింది. పట్టీలోకి మళ్ళీ గాలి కొట్టి, "ఎనభై," అంది.

అక్క ఇంకా ఇస్తూనే ఉంది, పెదాలు సున్నం కొట్టినట్టయ్యాయి. గోడకి జారి కూలబడింది.

"కుక్క పట్టీ కట్టానండీ!"

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టే తీరిక లేదు. తడి పట్టీయే కట్టి చూసింది. పిల్లికి రెండొందల నలభై. అక్క మణికట్టుకి వెడల్పు పట్టీ కట్టి చూస్తే చప్పుడే లేదు.

చెల్లెలు ఒక చేత్తో పిల్లి పాదం, ఇంకో చేత్తో అక్క బొటనవేలు పట్టుకుని రెంటి మధ్యా వంగి నిలబడింది. ఒక భుజంలోంచి ఇంకో భుజంలోకి వేడిగా పాకింది. పిల్లి నూట ముప్పైకి దిగేసరికి అక్క కళ్ళు తెరిచింది.

అయితే వచ్చినదంతా అక్కకి చేరలేదు. ఎక్కువ భాగం దారిలోనే, చెల్లెల్లో ఉండిపోయింది.

డాక్టరమ్మ ఎవర్నీ పొమ్మనలేదు. మర్నాటి నుంచి చెల్లెల్నే అక్క చోట నిలబడమంది.

అక్క ఇప్పుడు మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. సాయంత్రం తలుపు చప్పుడవగానే అడుగుతుంది:

"ఎంతిచ్చావే ఇవాళ?"

"ముప్పై."

"దగ్గరికి రా."

చెల్లెలు గుమ్మంలోనే నిలబడి చెప్పులు విప్పుకుంటూ ఉంటుంది, తన పెదాల్లోకి కాస్త రంగు తిరిగి వచ్చేదాకా.