అడ్డుపలక కింద ప్రమిద

ఓడ ఎక్కకముందే నాకు కోపం మొదలైంది. చెన్నై రేవులో మా సంచులన్నీ ఒక యంత్రంలోకి తోశారు. అవతల నిలబడ్డ ఒకాయన మా అత్త చేతిసంచిలోంచి అగ్గిపెట్టె తీసి చెత్తబుట్టలో పారేశాడు. ఓడలో నిప్పు పనికిరాదంట. కోవిల్‌పట్టి అగ్గిపెట్టె అది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు అలాంటి పెట్టెలకి లేబుళ్ళు అంటించి వేళ్ళు అరగదీసుకున్నదాన్ని, నా కళ్ళముందే దాన్ని చెత్తలో వేస్తే ఒళ్ళు మండదా? ఆ సంచిలోనే ఉన్న మట్టి ప్రమిదను మాత్రం వదిలిపెట్టాడు. నిప్పు లేకుండా ప్రమిద ఎందుకని అత్తను అడిగితే, ఉండనీలే అంది.

అత్త పేరు కృష్ణమ్మాళ్. ఎనభై నిండాయి. ఆ సంబరం కోసమే నా కొడుకు హరిహరన్ ఈ ప్రయాణం పెట్టాడు. వాడికి విరుదునగర్‌లో టికెట్లు తీసే ఆఫీసులో పని. సిలోను దాకా పోయి రావడం, మొత్తం నాలుగు రోజులు. అవ్వ బతుకంతా నల్లరేగడి మట్టిలోనే గడిచిపోయింది, ఒక్కసారైనా సముద్రం నడుమ కూర్చోవాలన్నాడు. బాగానే ఉంది. పక్క గది ఎవరికి తీశాడో మాత్రం నోరు విప్పి చెప్పలేదు. మా గదికి ఉన్న బాల్కనీలోకి పోయి నిలబడ్డానో లేదో, పక్క బాల్కనీలోంచి సెల్వలక్ష్మి దగ్గు వినిపించింది. తొమ్మిదేళ్ళయినా ఆ దగ్గు నేను మరిచిపోతానా?

సెల్వలక్ష్మి నా తోడికోడలు. మా మరిది తిరుపతిసామి భార్య. కోవిల్‌పట్టికి తూర్పున, ఒట్టపిడారం పోయే దారిలో మా ఊరు. మామ పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకుని నడుమ గోడ పెట్టారు. మా వాళ్ళలో ఒక వాడుక ఉంది. అన్నదమ్ముల మధ్య గోడ పెడితే, ఆ గోడలో ఇటూ అటూ కనిపించేట్టు ఒక దీపంగూడు వదలాలి. తల్లి బతికున్నంత కాలం రెండిళ్ళకీ సందెవేళ అక్కడ ఒకటే దీపం. గోడ ఆస్తికి గాని మనుషులకి కాదని దానర్థం. ఆ గూడు మూసేశారంటే ఇక చావుకీ పెళ్ళికీ ఒకరి గడప ఒకరు తొక్కరని అర్థం.

మా గూడును మూసేశారు. నేనూ మా ఆయన గురుసామీ వత్రాప్‌లో పెళ్ళికి పోయి రెండోరోజు తిరిగొచ్చేసరికి, అవతలి నుంచి సిమెంటు మెత్తి ఉంది. తడి ఇంకా ఆరలేదు. అవతల మరిది స్నానాలగది కట్టించుకుంటున్నాడు, సిమెంటుకి కరువా? వాకిట్లోకి పోయి సెల్వలక్ష్మిని నిలదీశాను. తల వంచుకుని నిలబడింది గాని ఉలుకూ లేదు పలుకూ లేదు. తప్పు చేసినవాళ్ళు కాకపోతే అలా నిలబడతారా? నెల తిరక్కముందే మరిదికి విరుదునగర్‌లో పప్పుమిల్లులో పని దొరికిందని ఇల్లు తాళం పెట్టి పోయారు. ఆ రోజునుంచి నేను కోరేది ఒకే ఒక్క మాట. నేను చేసింది తప్పు, అని ఆమె నోటితో చెప్పాలి. ఆ మాట వినకుండా ఆమె మొహం చూడనని మా కులదేవత పేరు చెప్పి ఒట్టు పెట్టుకున్నాను.

అలాంటిది ఇప్పుడు సముద్రం మీద పక్కపక్కన. రెండు బాల్కనీలకీ మధ్య ఒక తెల్ల పలక అడ్డం, కింద జానెడు సందు. గదులు చూసుకునే ఆయన వచ్చి, మీరంతా ఒకే కుటుంబం కదా, ఈ పలక తీసేస్తే ఒకటే పెద్ద బాల్కనీ అవుతుంది, తాళంచెవి నా దగ్గరుంది, తీయనా అని తమిళంలో అడిగాడు. అవతలివాళ్ళు సరే అన్నారంట కూడా. ఇంట్లో గూడు మూసినామె ఓడలో గోడ తీయిస్తుందంట. ఎంత నెత్తికెక్కింది చూడండి. తీయొద్దని గట్టిగా చెప్పి పంపించాను.

మర్నాడు పొద్దున చీర ఉతికి కటకటాల మీద ఆరేస్తే, ఓడవాళ్ళు వచ్చి అలా ఆరేయకూడదని తీయించారు. ఇంత పెద్ద ఓడలో నా చీర వాళ్ళకి ఎలా కనబడిందంటారు? ఎవరో చెప్పుంటారు. ఎవరో మీకు తెలుసు, నాకూ తెలుసు. అది చాలదన్నట్టు ఫలహారాల హాలులో మా ఆయనా మరిదీ ఒకే బల్ల దగ్గర కూర్చుని, చిన్నప్పుడు బావిలో దూకిన కథలు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మగవాళ్ళకి రోషం ఉప్పూకారాల్లోనే గాని ఒంట్లో ఉండదు. సెల్వలక్ష్మి దూరంగా ఒక్కతే కూర్చుని ఇడ్లీ తుంచుతోంది. పాపం పుణ్యం తెలియనట్టు ఆ మొహం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని, వినబడేట్టుగానే అన్నాను.

మధ్యాహ్నం మగవాళ్ళు పైఅంతస్తుకి పోయారు. అత్తా నేనూ బాల్కనీలో కూర్చున్నాం. ఎటు చూసినా నీళ్ళే. కాసేపటికి అత్త మెల్లగా వంగి, సంచిలోంచి ప్రమిద తీసి, ఆ పలక కింది సందులో పెట్టింది. సగం ఇటు, సగం అటు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ ప్రమిద ఎందుకు మోసుకొచ్చిందో. ఒక్క ఊపున ఇటు లాగేశాను. అత్త మళ్ళీ తోసింది. మళ్ళీ లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. అవతల కుర్చీ కిర్రుమంది, అంటే ఆమె అక్కడే ఉంది. వినాలనే గొంతు పెంచాను.

"గూడు మూసినోళ్ళకి దీపం ఏంటికి అత్తా?"

అత్త సముద్రంవైపు చూస్తూనే చెప్పింది.

"మూసింది నేనేమ్మా."

ముసలితనంలో ఏదో అంటుందిలే అనుకున్నాను. కాదు. స్నానాలగది పనికి తెచ్చిన సిమెంటు రెండు చట్లు మిగిలితే, తనే అటుపక్కకి పోయి తన చేత్తోనే మెత్తినానంది. ఆ పిల్ల వద్దు వద్దని చేయి పట్టుకున్నా వినలేదంట. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందంట. ఎందుకని అడిగాను.

"ఆ పిల్లకి రెండోసారి కడుపు పోయి పదో నాడు. ఆ గూడు కిందనే కూర్చోని ఉండాది. నువ్వు పొయ్యికాడ గురుసామితో చెప్తుండావు. ఆ ఇంట్లో ఊయల ఊగదు, గోడ పెట్టుకునింది మంచిదాయె, ఆ పీడ ఈ పక్కకి రాదు, అని. నేను అప్పుడు అటుపక్కనే ఉండాను. ఆ పిల్ల మొహం చూసినాను. ఇంకో మాట ఆ గూట్లోంచి ఆ పిల్ల చెవిన పడకూడదని, మీరు పెళ్ళికి పోంగానే మూసేసినాను."

అలా ఎప్పుడూ అనలేదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ ఆ రోజు పొయ్యి మీద ఏం ఉందో కూడా గుర్తొచ్చింది. ఉలవలు. ఉలవలు కలియబెడుతూ అన్నాను ఆ మాట. అని, ఉప్పు వేశాను. అంతే, మరిచిపోయాను.

సిగ్గుతో పాటే కోపమూ పొంగింది, అబద్ధమెందుకు చెప్పాలి. తొమ్మిదేళ్ళు నా చేతి అన్నం తింటూ ఈ మాట కడుపులో దాచిందా ఈ మనిషి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాకపోతే ఏమిటిది? ఒక్కరోజు, ఒక్క పూట, నా మొహాన చెప్పలేకపోయిందా? ఇన్నేళ్ళు నన్నెందుకు పిచ్చిదాన్ని చేశావని అడిగాను. మా ఇంట్లో, మా వంటింట్లో, ఎన్నిసార్లు సెల్వలక్ష్మిని తిట్టలేదు నేను, అప్పుడు చెప్పొచ్చు కదా అన్నాను.

"అక్కడ నీ కూడు తినేదాన్ని, బయ్యం," అంది అత్త. "ఈ ఓడలో నేను తినేది నీ కూడు కాదు."

ఎనభై ఏళ్ళ మనిషి నాకు భయపడి తొమ్మిదేళ్ళు నోరు కట్టుకుందంట. నేను ఆమెకి ఏ లోటూ చేయలేదని ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. వేళకి అన్నం, వేళకి మాత్రలు, పండగకి కొత్త చీర. అవన్నీ పెడుతూనే ఇంకేం పెట్టానో ఇప్పుడు తెలిసింది.

అవతల ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిదేళ్ళ కిందట వాకిట్లో నిలబడిందే, అదే మౌనం. ఆ ఒక్క మాట ఆమె నోట వినాలని ఎదురుచూసినదాన్ని, అది నా నోట్లోనే ఉందని తెలిశాక మింగనూ లేకపోయాను, కక్కనూ లేకపోయాను. చివరికి పలక వైపు తిరిగి కూర్చున్నాను.

"సెల్వీ. నేను అనింది తప్పు."

ఏడుస్తుందేమో, అక్కా అని పిలుస్తుందేమో, నేను లేచిపోయి ఆ తాళంచెవి ఆయన్ని పిలుచుకొచ్చి పలక తీయించాలేమో అనుకుని మోకాళ్ళ మీద చేతులు కూడా ఆనించాను.

"నిన్న తీయమన్నాను కదా అక్కా," అంది సెల్వలక్ష్మి అటువైపు నుంచి. గొంతులో ఏడుపు లేదు. "నువ్వు ఆ మాట అన్నావని నిన్న నువ్వు మరిచిపోయి ఉండావు. నేనూ మరిచిపోయినట్టే ఉండాను. ఇప్పుడు అత్త మళ్ళీ చెప్తే మళ్ళీ విన్నాను. ఈ పలక ఉండనీ. దీపం మాత్రం మళ్ళీ అక్కడ పెట్టు."

నాకు మళ్ళీ కోపం వచ్చింది. నా అంతటి దాన్ని నోరు తెరిచి తప్పని చెబితే, పలక ఉండనీ అంటుందా? ఎప్పటిలాగే లేచింది ఆ కోపం. లేచి, ఎవరి మీద పడాలో తెలియక నా దగ్గరికే తిరిగొచ్చింది. అత్త కళ్ళు మూసుకుని కూర్చుంది. కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది. నేనేమంటానో అని ఇంకా భయపడుతోంది.

ఒళ్ళో పెట్టుకున్న ప్రమిద తీసి పలక కింద పెట్టాను. సగం ఇటు, సగం అటు. నూనె లేదు, వత్తి లేదు, నిప్పు అసలే లేదు. ఓడ ఒకపక్కకి ఒరిగింది. ప్రమిద జారిపోకుండా ఇటుపక్క నేను పట్టుకున్నాను. అటుపక్క ఆమె పట్టుకుంది.