తొమ్మిదో లెవెల్లో మేకపిల్ల

నేను ఒక చవక ఫోన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. ఖరీదైన ఫోన్ల గొప్ప వాటి యజమానులే ఊరంతా చెప్పుకుంటారు. నా గొప్ప చెప్పేవాళ్లెవరూ లేరు కాబట్టి నేనే నోరు విప్పాల్సి వస్తోంది.

నేను పుట్టింది ఫ్యాక్టరీలో, నాలాంటి కొన్ని వేలమందితో కలిసి. అందరికీ ఒకటే మొహం, ఒకటే బుర్ర, అదీ చిన్నదే. చేతికి తొడుగులేసుకున్న ఓ అమ్మాయి నా వీపు బిగించింది. ఇంకో అమ్మాయి నన్నొకసారి మోగించి చూసి పెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె మీద 'మెరుపు వేగం' అని రాసుంది. మనుషులు పెట్టెల మీద ఏం రాసుకుంటారో, లోపల ఏం పెడతారో నాకు ఆ రోజే తెలిసిపోయింది.

నన్ను మొదట కొన్నవాడు గాజువాకలో ఆటో నడిపే సింహాచలం. మనిషి మంచోడే గానీ, కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేసే రకం. చేతిలో ఎప్పుడూ ఉండేది నేనే. నా కుడి మూల పగులు ఆయన ధర్మమే, ఈ మాట తీరూ ఆయన పుణ్యమే. మూడేళ్లు నన్ను అరగదీసి, కొత్త ఫోన్ దొరగ్గానే జగదాంబ జంక్షన్ దగ్గర సెకండ్ హ్యాండ్ షాపులో దించేసి చక్కా పోయాడు. నా లోపల ఆయన కూతురు పాడిన పాటలు పదకొండు ఉండేవి. షాపువాడు వాటన్నిటినీ ఒక్క వేలితో తుడిచేశాడు. ఏడుపొచ్చింది. దాచడమెందుకు?

అక్కణ్ణుంచి నన్ను తీసుకెళ్లింది ఎంవీపీ కాలనీలో ఓ వీడియో గేముల కంపెనీ. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మూడో అంతస్తులో ఒక హాలు, పదిహేను మంది మనుషులు, పైన డాబా. యజమాని వహీదా గారు. ఆవిడ షాపుకొచ్చి, "మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే నాసిరకం ఫోన్ ఇవ్వండి" అని అడిగి మరీ నన్ను కొన్నారు. నన్ను కోరి కొన్న మనిషి ఆవిడ ఒక్కరే. గేము మంచి ఫోన్లో ఎలాగూ ఆడుతుంది, నాలాంటివాడి మీద ఆడితేనే నాలుగు ఊళ్లలో ఆడతారని ఆవిడ నమ్మకం. ఆఫీసులో నా వీపుకి తెల్ల టేపు అంటించి 'ముసలాడు' అని రాశారు. అప్పటికి నా వయసు నాలుగేళ్లు!

ఏటా వేసవిలో కాలేజీ పిల్లలు ఇద్దరు అక్కడికి ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. రెండు నెలలుంటారు. గేములు తయారు చేసేద్దామని కలలు కంటూ వస్తారు పాపం, వచ్చిన రోజే వాళ్ల చేతిలో నన్ను పెట్టి, "ఈ లెవెల్ రెండొందల సార్లు ఆడి, ఎక్కడ తప్పుందో రాయండి" అంటారు. ఆడుకోవడమే ఉద్యోగమని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు. వారం తిరిగేసరికి పిల్లలకి ఆటంటే మొహం మొత్తేస్తుంది.

ఆ ఏడు మే నెలలో వచ్చినవాళ్లు సాకేత్, పుష్యమి. సాకేత్ది వైజాగే. వేళ్లు ఎంత చురుకంటే, ఏ గేమైనా మొదటిసారే దాటేస్తాడు. లెంక పుష్యమిది బొబ్బిలి. ఇంట్లో కంప్యూటర్ లేదు, నేర్చుకున్నదంతా కాలేజీ ల్యాబ్‌లోనే. ఆటలో మొద్దే అని చెప్పాలి, కానీ పట్టిందంటే వదిలే పిల్ల కాదు. రెండు నెలలయ్యాక ఇద్దరిలో ఒకరికే అక్కడ ఉద్యోగం. అది రాకపోతే బీఈడీలో చేరిపోవాలని పుష్యమి దగ్గర ఇంట్లోవాళ్లు మాట తీసుకున్నారట. గేములు చెయ్యడం తప్ప ఆ పిల్లకి ఇంకే పనీ ఇష్టం లేదు. రోజూ ఆఫీసుకొచ్చే సిటీ బస్సులో కూడా ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని మేకలు, కొండలు, వాగులు బొమ్మలేసుకునేదట.

అప్పుడు తయారవుతున్న గేము ఒక మేకపిల్లది. కొండలెక్కాలి, బండల మీంచి గెంతాలి, తల్లిని చేరాలి. తొమ్మిదో లెవెల్లో ఒక వాగు. ఆ వాగు దగ్గరే వచ్చింది తంటా.

పుష్యమి నా మీద ఆడుతుంటే మేకపిల్ల వాగు దాటేది కాదు. అవతలి గట్టుకి రవ్వంత దూరంలో ముందు కాళ్లు జారి, 'మే' అంటూ నీళ్లలో పడేది. ఇరవైసార్లు పడ్డాక, 'తొమ్మిదో లెవెల్లో వాగు దాటడం కుదరట్లేదు' అని రిపోర్టు రాసింది. మేకపిల్ల గెంతుకి ప్రోగ్రాం రాసింది ఫణీంద్ర గారు, ఆఫీసులో అందరికంటే సీనియరు. ఆయన తన ఫోన్లో ఒక్కసారి ఆడారు, దాటేశారు. సాకేత్ తన ఫోన్లో ఆడాడు, దాటేశాడు. ఫణీంద్ర గారు రిపోర్టు కింద 'లోపం లేదు, ఆడటం రాలేదు' అని రాసి మూసేశారు.

ఆ పిల్ల మర్నాడు మళ్లీ రాసింది. ఆయన మళ్లీ అదే మాట రాసి మూసేశారు. మూడోసారి రాస్తే, కుర్చీలోంచి వెనక్కి తిరిగి, "చూడమ్మా పుష్యమీ, నీ రిపోర్టులన్నీ నీ మార్కుల షీట్లోకెళ్తాయి. మూడుసార్లు ఆడటం రాలేదని పడితే బాగుండదు. వదిలెయ్" అన్నారు. బెదిరింపుగా కాదు, మంచికే అన్నారు. అందుకే ఆ పిల్లకి మరీ మండింది.

"పడుతోంది మేకపిల్లండి, నేను కాదు. నాకు ఆట రాదని పేరొచ్చినా పర్లేదు. లేని తప్పు రాశానని రాకూడదు" అంది. ఆయన మూడోసారీ అదే మాట రాసి మూసేశారు. ఆ పిల్ల మాత్రం చూపు దించలేదు. నా గుండెల్లో, అదే, నా బ్యాటరీలో ఏదో పొంగినట్టయింది. ఓలమ్మా, ఇలాంటి చేతిలో పడ్డాను కదా అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల చేసిన పని చూడండి. నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, ప్రతి ఆటా ఏ టైముకి ఆడిందో, దాటిందో పడిందో రాయడం మొదలెట్టింది. పొద్దున్న పదింటికి, చిత్రంగా, దాటింది. పది పావుకి దాటింది. పదిన్నరకి పడింది. ఆ తర్వాత భోజనాల వేళ దాకా పడుతూనే ఉంది. రెండో రోజూ అదే వరస. అలిసిపోయి ఆట చెడగొడుతున్నానేమోనని తనమీదే అనుమానపడి, భోజనానికి లేవకుండానే నన్ను సాకేత్ చేతికిచ్చింది. సాకేత్ పడ్డాడు. ఆరుసార్లు పడ్డాడు.

"చెత్త ఫోన్ ఇది" అని వాడు నన్ను బల్ల మీద పడేశాడు. పుష్యమి తీసుకోబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "కాలిపోతోందిరా ఇది!"

అదీ సంగతి. నేను వేడెక్కితే నెమ్మదిస్తాను. వయసైనవాణ్ణి, తప్పా? చల్లగా ఉన్నప్పుడు సెకనుకి నలభై బొమ్మలు గీసి చూపిస్తాను. ఒళ్లు కాలితే ఇరవయ్యే గీయగలను. ఫణీంద్ర గారి లెక్క ఒక్కో బొమ్మకీ ఒక్కో అడుగుగా మేకపిల్లని పైకి లేపి కిందికి దించుతుంది. బొమ్మలు తగ్గేకొద్దీ అడుగులు మోటుగా పడి, గెంతు రవ్వంత పొట్టిదైపోతుంది. ఆ రవ్వంతే వాగులో ముంచుతోంది. పుష్యమి నన్ను తీసుకెళ్లి ఏసీ గాలికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. పది నిమిషాలయ్యాక ఆడితే, మేకపిల్ల హాయిగా దాటేసింది.

పరుగున వెళ్లి చెబితే ఫణీంద్ర గారు నిట్టూర్చారు. "ముసలాడు వేడెక్కితే నేనేం చెయ్యనమ్మా? సోమవారం విడుదల. ఇలాంటి పాత ఫోన్లలో మన గేము ఆడదని ఒక ముక్క రాసేద్దాం, అయిపోతుంది."

"కొత్త ఫోన్లు వేడెక్కవాండీ?"

"మా అందరివీ కొత్తవే. ఎవరిదైనా పడిందా?"

పడదు. ఎందుకు పడుతుంది? ఆ పదిహేను మందీ ఏసీ కింద కూర్చుని ఆడేవాళ్లే. మేకపిల్లని ఎండలో తిప్పేవాళ్లు తప్ప, ఎండలో ఆడి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ ఆఫీసులో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక ఆచారం ఉంది. ఒకరు గేము ఆడతారు, మిగతా అందరూ చుట్టూ కూర్చుని చూడాలి. నోరు మెదపకూడదు. 'అక్కడ కాదు, ఇక్కడ నొక్కు' అనకూడదు, కనీసం 'అయ్యో' అని కూడా అనకూడదు. రేపు కొన్నవాడి పక్కన కూర్చుని మీరు చెబుతారా అని వహీదా గారి వాదన. పుష్యమి తిన్నగా ఆవిడ గదిలోకెళ్లి, "మేడమ్, ఈ శుక్రవారం డాబా మీద ఆడదామండి. ఫణీంద్ర గారే ఆడాలి, ఆయన ఫోన్లోనే" అంది.

వహీదా గారు కిటికీలోంచి ఎండకేసి చూశారు. తర్వాత పిల్లకేసి చూశారు. "తేలకపోతే?"

"నా షీట్లో నాలుగోసారి రాయించండి మేడమ్. బొబ్బిలి వెళ్లిపోతాను."

డాబా మీదికి కుర్చీలు మోస్తూ సాకేత్ నెమ్మదిగా అన్నాడు, "ఇది తేలితే ఉద్యోగం నీదే, తెలుసా?"

"తేలకపోతే నీది. మరి నువ్వెందుకు మోస్తున్నావు?"

"నేనూ పడ్డాను కదా. ఎందుకు పడ్డానో నాకూ తెలియాలి" అన్నాడు వాడు. కుర్రాడి మీద నా కోపం అక్కడితో పోయింది.

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. చెప్పులు విప్పితే పాదాలు బొబ్బలెక్కే ఎండ. వహీదా గారు గొడుగేసుకున్నారు, మిగతావాళ్లు వాటర్ ట్యాంక్ నీడలో ఇరుక్కుని కూర్చున్నారు. ఫణీంద్ర గారు నెల కిందటే కొన్న ఫోన్ తీసి, నవ్వుతూ మొదలెట్టారు. పుష్యమి చేతిలోంచి నేనూ చూస్తున్నాను. ఎనిమిది లెవెళ్లూ అవలీలగా దాటించారు. అందుకు ఇరవై నిమిషాలు పట్టింది. చొక్కా తడిసిపోయింది, ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుతోంది. తొమ్మిదోది వచ్చింది. మేకపిల్ల పరుగెత్తింది, గెంతింది, 'మే' అంటూ వాగులో పడింది.

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా. ఆయన మళ్లీ ఆడారు. పడింది. మొహంలో నవ్వు పోయింది. మళ్లీ పడింది. పుష్యమి కింది పెదవి కొరుక్కుని, నన్ను గట్టిగా పట్టుకుని, ఒక్క మాటా జారకుండా కూర్చుంది. 'చూశారా?' అనాలని ఆ పిల్లకి ఎంత నోరు దురద పెట్టిందో నాకు తెలుసు, ఆ వేళ్ల బిగింపు నాకే కదా తగిలింది! తొమ్మిదిసార్లు పడ్డాక ఆయన ఫోన్ పక్కన పెట్టి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు.

"నేను రాసిన గెంతే ఇది" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

వహీదా గారు గొడుగు మడిచారు. "వేసవి సెలవుల్లో కదా మనం విడుదల చేస్తున్నాం ఫణీంద్రా. మిట్టమధ్యాహ్నం బస్సులో కూర్చుని ఆడేవాడి మేకపిల్ల ఏం కావాలి?"

సోమవారం విడుదల ఆగిపోయింది. ఫణీంద్ర గారు శనివారమంతా కూర్చుని, మేకపిల్ల గెంతుని బొమ్మల లెక్కన కాకుండా గడియారం లెక్కన నడిచేలా తిరగరాశారు. ఇక నేను ఎంత నెమ్మదిగా గీసినా గెంతు పొడుగు మారకూడదు. మారలేదని చూపించాల్సింది మాత్రం నేనే. ఆ ఆఫీసులో పదికి పదిసార్లు ఆడితే గానీ ఏ తప్పూ సరిదిద్దినట్టు లెక్క కాదు. సోమవారం పొద్దున్నించీ పుష్యమి నన్ను డాబా గోడ మీద పెట్టి, ఒళ్లు కాలాక ఆట మొదలెట్టింది. ఒకటి దాటింది. రెండు దాటింది. నా లోపల ఏదో బిగుసుకుపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. నాలుగు, అయిదు, ఆరు. ఆగిపోతే ఈ పిల్ల మాట మళ్లీ మొదటికొస్తుంది, ఆగనే ఆగను అనుకున్నాను. తొమ్మిది. పదోసారి మేకపిల్ల గాల్లోకి లేచింది, నాకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, అవతలి గట్టు మీద నాలుగు కాళ్లూ ఆనాయి.

"దాటింది!" అని ఆ పిల్ల వేసిన కేకే ఆ పూట నేను చివరగా విన్నది. తిప్పి చూస్తే నా వీపు ఉబ్బి పైకి లేచిపోయిందట. పుష్యమి కళ్లనీళ్లు పెట్టుకుందని సాకేత్ తర్వాత అందరికీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఫణీంద్ర గారు పుష్యమి మార్కుల షీటు తెప్పించుకుని, అందరూ చూస్తుండగా తను రాసిన మూడు మాటల్నీ అడ్డంగా కొట్టేశారు. పక్కన 'తప్పు నాది' అని రాసి సంతకం పెట్టారు. రెండు నెలల గడువయ్యాక ఉద్యోగం ఆ పిల్లకే వచ్చింది. సాకేత్‌కి వహీదా గారే హైదరాబాదులో తెలిసిన కంపెనీకి ఉత్తరం రాసిచ్చారు.

నాకు బ్యాటరీ పీకేశారు. పాడైన వైర్లు, విరిగిన కీబోర్డులు వేసే రేకు డబ్బాలో ఇప్పుడు నా కాపురం. నెలకోసారి వచ్చి తీసుకెళ్తానన్న పాత సామాన్ల మనిషి ఏడాదైనా రాలేదు, మనుషుల నెల అంతే. బ్యాటరీ లేనివాడికి ఏం వినపడుతుందిలే అని మీరనుకుంటారు, అనుకోండి. ఈ డబ్బా ఉన్నది ఇంటర్న్‌ల బల్ల కిందే.

మళ్లీ మే వచ్చింది. కొత్త పిల్లలు ఇద్దరొచ్చారు. నిన్న అందులో ఒకమ్మాయి, పేరు కూడా ఇంకా నాకు తెలీదు, భయం భయంగా, "మేడమ్, నాలుగో లెవెల్లో నేను పడిపోతూనే ఉన్నానండి. నాకే ఆట రావట్లేదేమో" అంది. బల్ల పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. పుష్యమి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఏదీ, ఇలా ఇవ్వు. నేనూ పడి చూస్తాను."