వాచీ కొట్టు మీద పొద్దుపొడుపు

ఒట్టేసి చెప్తున్నా, ఇది నువ్వు చచ్చినా నమ్మవు. నమ్మకపోతే నాకొచ్చిన నష్టమేం లేదు. నా నోట్లోంచి ఇప్పటిదాకా ఒక్క అబద్ధం రాలేదు. నిజాలకి కాస్త నగిషీ చెక్కుంటానేమో, అంతే. కుదురుగా కూచుని విను.

ఒక వీధిలో ఒక అక్కా తమ్ముడూ ఉండేవాళ్ళు. బొమ్మల కథల పుస్తకాలు చేసేవాళ్ళు. నెలకొకటి, పదహారు పేజీలు. తమ్ముడు కథ రాస్తాడు, అక్క బొమ్మలేస్తుంది. పొద్దున్నే కిటికీ దగ్గర బల్ల తుడుచుకుని, కాగితం నాలుగు మూలలా టేపు అంటించి, స్కేలుతో గళ్ళు కొట్టుకుని కూచునేది అక్క. తమ్ముడు ఎదురు గోడకి చేరబడి పెన్ను చప్పరించేవాడు. వాళ్ళమ్మ మధ్యలో స్టూలేసుకుని కూరగాయలు తరుగుతూ ఇద్దర్నీ తిడుతుండేది.

అక్క బొమ్మ గురించి చెప్పాలంటే నా అంతవాడికే మాటలు చాలవు, ఇక చూసుకో. ఆవిడ గుర్రం గీస్తే పిల్లలు పేజీ పక్కన గడ్డి పెట్టేవాళ్ళు. తమ్ముడి కథ గురించి చెప్పాలంటే మాత్రం ఒక్క మాట చాలు. హఠాత్తుగా. నాలుగు పేజీలు నడిచేసరికి వాడికి దారి తప్పేది. ఎవడు ఎందుకు ఎక్కడికి పోతున్నాడో రాసినవాడికే తెలిసేది కాదు. అప్పుడు "ఇంతలో హఠాత్తుగా" అని రాసేసి, ఏ తుఫానో, ఏనుగుల గుంపో తెచ్చి మీద పడేసేవాడు. చివరికి వీధిలో అందరూ వాడి పేరు మర్చిపోయి హఠాత్తు అనే పిలిచేవాళ్ళు.

కథ కుంటినచోటల్లా బొమ్మ భుజం పట్టాలి కదా. తలాతోకా లేని తుఫానుని మామూలుగా గీస్తే చూసేవాడు పుస్తకం విసిరికొడతాడు. అందుకని అక్క ప్రాణం పెట్టి గీసేది. గీసేది నల్ల సిరాతోనే. రంగు మాత్రం దానంతటదే వచ్చేది, చుట్టుపక్కల ఏది దొరికితే దాంట్లోంచి. సముద్రం గీసిన రోజు ఇంట్లో నీలం దుప్పటి తెల్లబడింది. అడవి గీసినప్పుడు ఎదురింటి పచ్చ గేటు తెల్లబడింది. ఎవరూ వింతగా చూడలేదు. వాన పడితే గోడ తడవదూ, అలాగన్నమాట. ఎదురింటాయన వచ్చి, "ఎలాగూ పాత పెయింటు గీకించాలనుకుంటున్నా, కూలీ మిగిల్చావు తల్లీ" అని వెళ్ళాడు. కూరగాయలమ్మే ఆవిడ మాత్రం బుట్టెడు తెల్ల టమాటాలు తెచ్చి గుమ్మంలో దింపింది.

"వీటిని ఏమని అమ్మను? కోడిగుడ్లని చెప్పి అమ్మనా?"

"ఈ నెల కథలో నిప్పుల వానుంది పిన్నిగారూ. నేనేం చెయ్యను," అంది అక్క.

"ఆ నిప్పులు రాసినోడి నోట్లో పొయ్య."

"నేనూ అదే మొత్తుకుంటున్నా," అంది అమ్మ లోపల్నుంచి. ఆవిడకి కొడుకు మీద పాత కక్ష ఉందిలే. నలభై ఏళ్ళకే జుట్టంతా తెల్లబడింది. "వరసగా ఆర్నెల్లు రాత్రి సీన్లే రాశాడు సచ్చినోడు," అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ తల చూపించేది.

పుస్తకం మాత్రం కొట్లోకి వచ్చింది వచ్చినట్టే ఎగిరిపోయేది. జనం పేజీలు తిప్పేవాళ్ళు, చదివేవాళ్ళు కాదు. బొమ్మల్లో మనుషుల నోటి ముందు మాటల బుడగలుంటాయి చూడు, వాటిని ఈగల్ని తోలినట్టు తోలేసి బొమ్మ చూసేవాళ్ళు. ఆ సంగతి హఠాత్తుకీ తెలుసు. తెలిసే "మా పుస్తకం" అని మీసం మెలేసేవాడు.

ఇలా ఇరవై ఏళ్ళు. వీధి మొత్తం ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా అయింది. పక్కింటి దర్జీ దగ్గర ఒక చిలక ఉండేది. అక్క మాయల తోట గీసిన వారం అది తెల్లబడింది. మర్నాటికి దాని వెనక పంజరం ఊచలు కనబడేంత పల్చబడింది. మూడో రోజు రెక్కల చప్పుడే ఉంది, చిలక లేదు. నాలుగో రోజు చప్పుడూ లేదు. దర్జీ ఖాళీ పంజరం తెచ్చి వీళ్ళ గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

గోడకి రంగు పోతే సున్నం కొట్టుకోవచ్చు. ప్రాణమున్నదానికి మొత్తం పోతే ఇక మిగిలేదేం లేదని అప్పుడు తెలిసింది. ఆ పై నెల అగ్నిపర్వతం. అది గీస్తుండగా అమ్మ పెదాలు పాలిపోయాయి. డాక్టరు వేలు గుచ్చి చూసి, "రక్తముంది, ఎరుపే లేదు" అన్నాడు. ఆ సాయంత్రమే అమ్మని ఊరవతల పిన్ని ఇంటికి పంపేశారు. ఆటో ఎక్కుతూ అమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఒరే, ఒక్కసారి ఇద్దరు మనుషుల్ని కూచోబెట్టి మాట్లాడించరా. భూకంపాలు చాలించు. లేకపోతే మీ అక్క మిగలదు."

వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళు ఖాళీ చేశారు. పక్క వీధివాళ్ళు అక్క కనబడితే తలుపులేసుకునేవాళ్ళు. అక్క ఒకరోజు పెన్ను పక్కన పెట్టి తేల్చి చెప్పింది.

"ఎడారి కథప్పుడే నీ రంగు సగం పోయిందిరా. మిగిలిన సగం ఏ బొమ్మకీ పనికిరాదు, పాత పేపరులా ఉన్నావు. ఇక ఈ వీధిలో రంగున్నది నేనొక్కదాన్నే."

"అయితే ఎలాగక్కా?"

"కథ రాయి. బొమ్మ ఆనుకోకుండా నిలబడే కథ. అలాంటిదైతే పెన్సిల్‌తో లాగించేస్తా. పెన్సిల్‌కి ఎవరి రంగూ అక్కర్లేదు."

హఠాత్తుకి భయం పట్టుకుంది. భయమే వాడికి చదువు చెప్పింది. పెద్ద బజార్లో వాచీలు బాగుచేసే కొట్టు ముందు బెంచీ మీద వారం రోజులు కూచున్నాడు. వచ్చేవాళ్ళని చూశాడు, విన్నాడు. ఇంటికొచ్చి పదహారు పేజీల కథ రాశాడు. ఏం లేదు అందులో. మొగుడు పోయిన ఒకావిడ, ఆయన వాచీ తీసుకెళ్దామని కొట్టుకొస్తుంది. కొట్టువాడు ఆ వాచీ పోగొట్టాడు. చెప్పడానికి నోరు రాదు. స్ప్రింగు రావాలంటాడు, స్క్రూ రావాలంటాడు. ఆవిడకి తెలిసిపోయింది, కానీ తెలిసిందని ఆవిడా అనదు. ఇద్దరూ కొట్టు కట్టే వేళదాకా మాట్లాడుకుంటూనే ఉంటారు.

అక్క చదివింది. కాగితాలు ఒళ్ళో సర్దుకుంది.

"తర్వాత ఆవిడ రేపొస్తుందారా?" అంది.

ఇరవై ఏళ్ళలో అక్క "తర్వాత" అని అడగడం అదే మొదలు. వాడు వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, మొహం కడుక్కున్నాడు. అంతసేపు కడగాల్సిన మొహమేం కాదు.

పదిహేను రోజులు అక్క పెన్సిల్‌తో గీసింది. ఏదీ తెల్లబడలేదు. హఠాత్తు రోజూ ఆవిడ గోళ్ళు పట్టుకుని చూసేవాడు, ఎర్రగానే ఉండేవి.

పుస్తకం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్ళాడు. ఓనరంటే అచ్చేసి అమ్మేవాడు. ఆయన పేకముక్కల్లా టపటపా తిప్పేశాడు.

"వాచీ కొట్టు, వాచీ కొట్టు, మళ్ళీ వాచీ కొట్టు. ఏంటయ్యా ఈ బూడిద?"

"చదవండి సార్."

"చదవడానికి మన పుస్తకమెందుకు? ఆఖర్న ఏదన్నా తగిలించు. నువ్వు అందులో మొనగాడివి కదా."

ఒక్క మాట. "ఇది చాలు సార్" అంటే ఓనరు గొణుక్కుంటూ అచ్చేసేవాడే, ఆ నెలకి ఆయన చేతిలో ఇంకో పుస్తకం లేదు. కానీ చూడు, మనిషి ఎంత అల్పుడో. చదవనివాడొకడు బాలేదనేసరికి, రాసినవాడికి కూడా బాలేదేమో అనిపించింది. అక్కడే పెన్ను తీసి ఆఖరి పేజీ మీద రాసేశాడు: ఇంతలో హఠాత్తుగా తెల్లారింది.

ఇంటికొచ్చాక అక్క అది చూసింది.

"కథలో సాయంత్రం కదరా. తెల్లారడమేంటి?"

"ఒక్క గడి అక్కా. చిన్నదిగా వేసెయ్."

"చిన్న పొద్దెక్కడైనా ఉందా? పెన్సిల్‌తో గీస్తే అది పొద్దవుతుందా? ఇది లేకపోతే అచ్చెయ్యనన్నాడా?"

"అన్నాడు," అన్నాడు హఠాత్తు.

అనలేదు. అది వాడే కల్పించాడు. తన కథ మీద తనకే నమ్మకం లేదని అక్కకి చెప్పుకోలేక.

"అచ్చెయ్యకపోతే నీ వాచీ ఆవిడని ఎవరూ చదవరు," అంది అక్క. "ఇంత మంచి కథ రాశావు, ఎవరూ చదవకపోతే ఎలారా?"

సిరా సీసా మూత తిప్పింది. హఠాత్తు ఆ మూత మళ్ళీ బిగించొచ్చు. కాగితం లాగేసుకోవచ్చు. వాడేం చేశాడో తెలుసా? టేపు అయిపోయింది, తెస్తానని బజారుకెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి గదంతా ఎర్రగా ఉంది. వాచీ కొట్టు రేకుల మీదుగా పొద్దు పొడుస్తోంది పేజీలో. అలాంటి పొద్దు నేను పుట్టి ఎరగను. దాని ఎదురుగా కుర్చీలో అక్క ఉంది. ఆవిడలోంచి వెనకున్న గోడ మీది మేకు కనబడుతోంది.

"ఆరాక పట్టుకెళ్ళు," అంది. "చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది."

మర్నాడు చెప్పుల చప్పుడొక్కటే ఇంట్లో తిరిగింది. ఆ మర్నాడు అదీ ఆగిపోయింది.

ఆ పుస్తకం అమ్ముడైనట్టు ఏ పుస్తకమూ అమ్ముడవలేదు. అందరూ ఆఖరి పేజీ కత్తిరించి గోడకి పెట్టుకున్నారు. చలిలో ముసలాళ్ళు దాని ముందు చేతులు కాచుకునేవాళ్ళు. మిగతా పదిహేను పేజీలు పొట్లాలు కట్టడానికి పోయాయి. హఠాత్తు కథలు మానేశాడు. అప్పట్నుంచీ వాడి పనొక్కటే, ఇల్లిల్లూ తలుపు కొట్టడం.

"మీ గోడకున్న బొమ్మ తాలూకు కథ చదివారా అండీ?"

"దానికి కథ కూడా ఉందా బాబూ?" అంటారు వాళ్ళు. మంచివాళ్ళే. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, పొద్దుకెదురుగా కూచోబెడతారు. వాడు చెయ్యి చాచి ఆ ఎరుపుని ముట్టుకుని, లేచి, పక్కింటికి వెళ్తాడు.

అబద్ధమంటావా? సరే. ఊళ్ళో గడప గడపకీ ఉంది ఆ బొమ్మ. పో, తిరుగు. ఆ పదిహేను పేజీలు చదివినవాణ్ణి ఒక్కణ్ణి, ఒక్కణ్ణే, చెయ్యి పట్టుకుని తీసుకురా. అప్పుడు నన్ను అబద్ధాలకోరంటే పడతా.