పన్నెండు చేపల కాపలా

నీళ్ళ శుద్ధి కేంద్రంలో ఆమెను అందరూ చేపలక్క అంటారు. పై అధికారి కూడా అంతే. ఆమెకు కోపం రాదు, పైపెచ్చు కాస్త గర్వం. కొండవాగు నుంచి ఊరికి వెళ్ళే నీళ్ళలో ఒక పాయ ఆమె గదిలోని గాజుతొట్టి గుండా పారుతుంది. అడుగున గులకరాళ్ళు, వాటి మీద వేలెడంత చేపలు పన్నెండు. వాగులో ఉన్నట్టే ఇక్కడా ఒకే గుంపుగా, ప్రవాహానికి ఎదురుగా నిలబడతాయి. నీళ్ళలో చెడు ఏదైనా కలిస్తే ముందు తెలిసేది వాటికే. గుంపు చెదిరినా, ఒక్కటి వెల్లకిలా తేలినా, గోడ మీది చక్రం తిప్పి ఊరికి నీళ్ళు ఆపేయాలి. ఆ కాపలా పగలు ఆమెది, రాత్రి తమ్ముడిది.

తమ్ముడికి ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే. నలభై దాటినా ఆమెకు వాడు బుడ్డోడే. ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్ళు ఖాళీగా తిరుగుతుంటే, అధికారి కాళ్ళావేళ్ళా పడి పెట్టించింది.

సోమవారం ఉదయం ఆమె మేత డబ్బా పట్టుకుని తొట్టి మీదికి వంగితే తొమ్మిదే పైకి వచ్చాయి. మిగతా మూడూ ఆమె చెయ్యి నీడ పడగానే రాళ్ళ సందుల్లో దూరాయి. ఆర్నెల్లుగా ఆమె వేళ్ళ చివర మేత తిన్న చేపలు అవి. వాటికి ఇప్పుడు ఆమె ఎవరో తెలియనట్టుంది.

"వీటికేమైందిరా?"

"ఏమవుతుంది? ఆకలి లేదేమో," అన్నాడు తమ్ముడు సంచి సర్దుకుంటూ.

చేపకు ఆకలి లేకపోవడమేమిటి, నా మొహం, అనుకుంది. మంగళవారం ఆరే వచ్చాయి. వాటిలో తోక చిరిగిన చేప ఒకటుండేది, అది ఎంత వెతికినా కనబడలేదు. లెక్కపెడితే మాత్రం పన్నెండూ ఉన్నాయి. ఆ లెక్క సరిపోవడమే ఆమెకు నచ్చలేదు. ఎవడికైనా ఎరకు అమ్ముతున్నాడా? అమ్మితే మళ్ళీ తెచ్చి పెట్టడమెందుకు? వాడి ప్యాంటు మోకాళ్ళ దాకా ఎందుకు తడిసింది? సొంత తమ్ముణ్ణి దొంగను చూసినట్టు చూస్తున్నానని తన మీద తనకే చిరాకేసింది. అయినా చూడటం మానలేదు.

బుధవారం గంట ముందే వచ్చింది. గదిలో ఎవరూ లేరు. కాసేపటికి తమ్ముడు వెనక తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో బక్కెట్టు, దాని మీద గుడ్డ. అక్కను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎన్ని చచ్చాయిరా?"

వాడు నీళ్ళు నమిలాడు. "మొదట మూడే అక్కా. నేనే మేత ఎక్కువేశాననుకున్నా. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని, వాగు పైనుంచి వేరేవి పట్టుకొచ్చి వేశా."

"తర్వాత?"

"ఇంకో మూడు. రాత్రి రెండు."

"మరి ఒక్కసారైనా నీళ్ళు ఆపావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "ఈ ఒక్కసారికి వదిలెయ్యక్కా. నీళ్ళు చూడు, ఎంత తేటగా ఉన్నాయో."

నిజమే, తేటగానే ఉన్నాయి. ఆమెకు వాడి మీద జాలేసింది. వాడి ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. భయపడ్డాడు వెర్రివెధవ, తప్పేదో తనదే అనుకున్నాడు. నీళ్ళు ఆపేసి, కారణం ఇంకేదైనా చెప్పి వీణ్ణి కడుపులో పెట్టుకుందామనిపించింది. అందుకు ఆమెకు వాడి నోటి నుంచి ఒక్క మాట చాలు.

"మీ పిల్లలూ ఈ నీళ్ళే తాగుతున్నారు కదరా?"

వాడు బక్కెట్టు కింద పెట్టాడు. తల ఎత్తలేదు.

"సోమవారం నుంచి క్యాన్లు తెప్పిస్తున్నాం."

 ఆమె వెళ్ళి గోడ మీది చక్రం పట్టుకుంది. అది బిగుసుకుపోయి ఉంది. సాయం పట్టబోయిన తమ్ముడి చెయ్యి తోసేసి, ఒక్కతే ఆఖరు దాకా తిప్పింది. ఆ తర్వాత అధికారికి కాదు, ముందు ఇంటికి ఫోన్ చేసింది. పురిటికొచ్చిన కూతురు ఎత్తింది.

"పాపకి పాలు కలపకు."

"ఇప్పుడే సీసాడు తాగి పడుకుందమ్మా. ఏం?"