పిచ్చమ్మ కోత, పోలేరయ్య నొప్పి

తెల్లవారగానే పిచ్చమ్మ పులికాట్ ఒడ్డుకు పోయి, పడవల్లోంచి దిగిన రొయ్యలు ఏరి బుట్టకెత్తుకుంటుంది. వాటిని అమ్మడానికి నాయుడుపేట బస్సెక్కేలోపు దారిలో ఎవరో ఒకరి నొప్పి కూడా తీసుకుంటుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ నొప్పులు చేతులు మారతాయి. చెయ్యి పట్టుకుంటే చాలు, ఒకరి నడుంనొప్పి ఇంకొకరికి పోయి, తగ్గేదాకా అక్కడే ఉంటుంది. జబ్బు మాత్రం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటుంది. కాన్పులప్పుడు వీధిలో ఆడవాళ్ళంతా వంతులేసుకుని మోస్తారు. మగవాళ్ళు మోయరు. నొప్పితో ఎక్కితే పడవ ఒరుగుతుందంటారు.

అందరివీ మోసే పిచ్చమ్మ తన నొప్పి ఏనాడూ ఎవరికీ ఇవ్వలేదు.

ముట్లు ఆగిపోయి ఏళ్ళయ్యాక ఆమెకు మళ్ళీ రక్తం కనిపించింది. నొప్పేమీ లేదు కదా, చూద్దాంలే అనుకుంది. కడుపుతో ఉన్న కోడలు రోజారమణి ఊరుకోలేదు. మామ పోలేరయ్యను కూడా వెంటబెట్టుకుని అత్తను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ ఉషారాణి కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"గర్భసంచి లోపలి పొరలో క్యాన్సరమ్మా. మొదట్లోనే దొరికింది. సంచి తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ."

"ఎట్టా తీస్తారు?"

"పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తియ్యొచ్చు. లేదా పొట్ట కోసి తియ్యొచ్చు. మీ జబ్బు ఈ దశలో ఉన్నప్పుడు నయం కావడంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. రంధ్రాలైతే నొప్పి తక్కువ, తొందరగా ఇంటికి పోతారు. మీకు షుగరుంది కదా, పుండు చీము పట్టే భయమూ తక్కువే."

"అయితే బొక్కలే పెట్టమ్మా."

"అలాగే మొదలుపెడతా. కానీ సంచిలో గడ్డలుండి బాగా పెరిగింది. అది ముక్కలు కాకుండా కింది నుంచి బయటికి రావాలి. లోపలే ముక్కలు చేస్తే జబ్బు చిందే ప్రమాదముంది. రాకపోతే కొయ్యక తప్పదు."

పిచ్చమ్మ కొంగు సర్దుకుని లేచింది. "అంత కోత నొప్పి ఎవరు మోస్తారు? ఈ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంటాది. కడుపుతో ఉండాది. వద్దులేమ్మా."

"నేను పట్టుకోన్లే అత్తా," అంది రోజారమణి. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

తలుపు దగ్గర నిలబడ్డ పోలేరయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏ కోతైనా కొయ్యండి డాక్టరమ్మా. నేనుండాను."

"నువ్వా! చేపముల్లు గుచ్చుకుంటేనే వీధంతా లేపుతావే."

"నేర్చుకుంటాలే. కూసో మే."

డాక్టర్ అతని వైపు తిరిగింది. "మీకు బీపీ ఏమన్నా ఉందా?"

"లేదమ్మా."

"సరే," అంది డాక్టర్.

ఆపరేషన్ రంధ్రాలతోనే మొదలైంది. సంచి కిందికి దిగిరాలేదు. పొట్ట కోసి, దాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీశారు.

సాయంత్రం పిచ్చమ్మ మెలకువొచ్చి మూలిగింది. పోలేరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో అట్లా పట్టుకోవడం అదే మొదలు. నొప్పి అతని మోచేతి దాకా వచ్చి కాసేపు ఆగింది. తర్వాత ఒక్కసారిగా పొట్టలోకి దిగింది. కేక పెట్టి మంచం మీదికి వంగిపోయాడు.

"నా చెయ్యి వదిలెయ్ అయ్యా," అంది పిచ్చమ్మ.

"మాట్లాడబాక, పడుకో." చెమట కళ్ళలోకి కారుతున్నా అతను వదల్లేదు. "ఇట్టాంటివి ఎన్ని మోసినావే నువ్వు?"

ఆమె అప్పటికే నిద్రలోకి జారిపోయింది.

మర్నాడు నర్సు నడిపిస్తే పిచ్చమ్మ వరండాలో చులాగ్గా నడిచింది. వెనక పోలేరయ్య గోడ పట్టుకుని వచ్చాడు. జబ్బు సంచి దాటలేదని, ఇంకే వైద్యమూ అక్కర్లేదని, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలని తర్వాత డాక్టర్ చెప్పింది.

పలకరించడానికి ఇంటికొచ్చిన మగవాళ్ళు పోలేరయ్యను వింతగా చూసి పోయారు. కొడుకు సుధాకర్ మాత్రం అతని మంచం పక్కనే కూర్చున్నాడు.

"కాన్పు నొప్పి ఇంతకంటే ఎక్కువుంటాదా నాయనా?"

"మీ అమ్మనడుగు."

"ఎక్కువేరా," అంది పిచ్చమ్మ.

సుధాకర్ తన అరచేతుల వంక చూసుకున్నాడు. వాకిట్లో బట్టలారేస్తున్న రోజారమణి వైపు చూశాడు. "ఆ నాలుగు దినాలు నేను వేటకు పోను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అరవొచ్చా?"

"అరుచుకో. ఎవరూ ఏమనుకోరు," అన్నాడు పోలేరయ్య. "నేనరిస్తే పై అంతస్తు నుంచి నర్సులు దిగొచ్చినారు."

పిచ్చమ్మకు నవ్వాగలేదు. గోడకు చేరగిలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"నవ్వబాక మే!" పోలేరయ్య రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు. "నీ కుట్లు లాగతా ఉండాయి."